గంగవ్వ కాచిన చీకటి

నిజామాబాద్ గల్లీల్లో తడిపిన తునికాకు వాసన తగిలితే నా నోరు దానంతటదే మూతపడుతుంది. అది చిన్న విషయం కాదు, ఇంట్లో నన్ను రేడియో అంటారు. నోరు మూసుకోవడం నాకు నేర్పింది గంగవ్వ. బోధన్ రోడ్డు మీద, చెరకు తోటల మధ్య ఉన్న గుట్టెక్కితే ఒక పాత నల్లరాతి గుడి వస్తుంది. దాని మెట్ల మీద కూర్చుని ఆవిడ ఆ ఆకుతోనే బీడీలు చుట్టేది. గుడి చూడవచ్చేవాళ్లకు చరిత్ర చెప్పే కాంట్రాక్టు ఉద్యోగం నాది.

మొదటి రోజు నేను ఒక గుంపుకు రాజుల పేర్లు ఏకరువు పెడుతుంటే గంగవ్వ చేట పక్కన పెట్టి లేచింది. "గంత ఆగమెందుకు బిడ్డా? ముందుగాల గా బండ మీద వాళ్ల కాళ్లు సల్లవడనియ్యి. అటెన్క సెప్పు," అంది. నాకు ఒళ్లు మండింది. కానీ ఎండలోంచి వచ్చినవాళ్లు ఆ చీకటి మంటపంలో కాసేపు కూర్చున్నాక, ఎవరూ చెప్పకుండానే గొంతులు తగ్గించారు.

అయినా నా బుద్ధి ఎక్కడికి పోతుంది? శిల్పాలు కనబడటం లేదని కొందరు గొణిగితే, పైవాళ్ల వెంటపడి మంటపం నిండా లైట్లు పెట్టించాను. అందరూ మెచ్చుకున్నారు, గంగవ్వ తప్ప. ప్రతి శనివారం ఒక కోడలుపిల్ల వచ్చి, మూల స్తంభానికి ఆనుకుని గంటసేపు కూర్చుని వెళ్లేది. భర్త దుబాయిలో ఉంటాడు. ఆ వారం ఆమె గడప దగ్గరే నిలబడి, లోపలి వెలుగు చూసి, వెనక్కి తిరిగింది.

"ఏమైందవ్వా ఆమెకు?" అన్నాను.

"ఇంట్ల పది మంది. ఏడ్సెతందుకు జాగ లేక గీడికి వస్తుండె. గా జాగ నువ్వు గుంజుకుంటివి," అంది గంగవ్వ. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

మర్నాడే లైట్లు తీయించాను. ఆమె మళ్లీ రాలేదు. ఏ ఊరో కూడా మాకు తెలియదు. తర్వాతి ఏడాది గంగవ్వ మంచాన పడింది. చూడటానికి వెళితే మొదట అడిగింది ఆమె సంగతే.

"గా పొల్ల వచ్చిందా?"

"వచ్చిందవ్వా. మూలకే కూసున్నది," అన్నాను.

నా మొహంలోకి కాసేపు చూసి, "మంచిగైంది బిడ్డా," అని నా చెయ్యి నిమిరింది. నమ్మిందో లేదో నాకు తెలియదు. అదే ఆఖరి మాట.

ఆవిడ లేని మెట్లెక్కడం నాకు ఇప్పటికీ కష్టమే. ఒక్కోసారి మూల స్తంభం దగ్గర, మసకలో, ఎవరో ఒకామె కొంగు కప్పుకుని కూర్చుని కనబడుతుంది. ఆమేనా అని దగ్గరికి వెళ్లి చూడాలని ప్రాణం కొట్టుకుంటుంది. వెళ్లను.