ఎవరూ పిలవని గది

మా ముత్తాత సంస్థానం కాలంలో పన్నెండు ఊళ్ళకు దేశ్‌ముఖ్. ఆయన కూర్చోమనేదాకా చావడిలో ఎవరూ కూర్చునేవారు కారు. మా తాత మాలీపటేలు, ఊరి శిస్తు వసూలు ఆయనదే. గట్టు తగాదా వస్తే జనం గద్వాల కోర్టుకు పోయేముందు మా అరుగు దగ్గరికి వచ్చేవారు. మా నాన్న సర్పంచు. వారి నుంచి నాకు మిగిలినవి నిటారు నడక, తెల్ల ధోవతి, ఒక కట్టుబాటు. పిలవనిదే మేం ఎవరి గడపా తొక్కం. పెళ్ళయినా చావయినా ముందు మనిషి రావాలి. మేం పోయి వాకిట నిలబడితే ఆ ఇంటి పెద్ద ఎదురొచ్చి లోపలికి తీసుకుపోవాలి.

తుంగభద్ర అలంపూర్‌ను ముంచడానికి ముందటి యేడు నా భార్య ఉప్పునుంతలలోని పుట్టింటికి వెళ్ళిపోయింది. ఏడవలేదు, అరవలేదు.

"మీరు తాగుడు మానిన్నాడు వస్త. అప్పటిదాంక నా కోసం ఎవర్నీ పంపకుండ్రి" అంది.

గద్వాలలో అందరూ ఎరిగినవారే. అందుకని నాగర్‌కర్నూలు పోయి ఒక డాక్టరును కలిశాను.

"మందు రాయుండ్రి, మానేస్త" అన్నాను.

"మందుతోని అయ్యేది కాదు పటేలా. వనపర్తిల బస్టాండు ఎనక ఒక బడి ఉంది. ఆదివారం పొద్దుగాల తాగుడు మానెటోళ్లు గాడ కూసుంటరు. పోయి కూసోండ్రి."

"ఎవరు నడిపిస్తరు?"

"ఎవ్వరు నడిపియ్యరు. అందరూ తాగినోళ్లే."

పెద్దమనిషి లేని సభ ఉంటుందంటే నమ్మబుద్ధి కాలేదు. అయినా ఆదివారం ఇస్త్రీ ధోవతి కట్టుకుని తొలి బస్సెక్కాను.

బడి గేటు పక్కన నిలబడ్డాను. ఒక గదిలో జంపఖానా పరిచి ఉంది. మనుషులు ఒక్కొక్కరే వచ్చి, చెప్పులు విడిచి లోపలికి పోతున్నారు. కొందరు నా వైపు చూసి తల ఊపారు. రమ్మన్నవాడు లేడు. తలుపు తెరిచే ఉంది. లోపలి నుంచి మాటలు వినిపించాయి, మధ్యలో నవ్వులు. ఎండ నెత్తికెక్కేదాకా చూశాను. మర్యాద తెలియని మనుషులు అనుకుని తిరుగు బస్సెక్కి, పెబ్బేరులో దిగి తాగాను.

మరుసటి ఆదివారం మళ్ళీ పోయాను. పోవడానికి కారణం భార్యే. ఇల్లు ఖాళీగా ఉంది, వంటగదిలో పొయ్యి చల్లగా ఉంది. మళ్ళీ గేటు పక్కనే నిలబడ్డాను. కాసేపటికి ఖాకీ చొక్కా వేసుకున్న ఒక కండక్టరు చాయ్ గ్లాసులు కడగడానికి నల్లా దగ్గరికి వచ్చాడు.

"పోయినారం గూడ గిక్కడ్నే నిలవడితివి. బస్సు ఈడ ఆగదే అన్నా."

"మీ మీటింగుకొచ్చిన."

"మరి లోపలికి రాకపోతివి?"

"ఎవ్వరు పిల్వలే."

అతను గ్లాసు పట్టుకుని నన్ను ఎగాదిగా చూశాడు. "తాగనీకె ఎవరన్న పిల్సిండ్రా నిన్ను?"

నేను ధోవతి అంచు సర్దుకున్నాను.

"మేం ఎవర్నీ పిల్వం. పిలిస్తె వచ్చినోడు మా మొఖం జూసి వస్తడు, మా మొఖం మొత్తంగనె పోతడు" అని గ్లాసులు తీసుకుని లోపలికి నడిచాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

చెప్పులు విడిచాను. లోపల కుర్చీ కోసం వెతికాను, లేదు. జంపఖానా అంచున ఒకాయన జరిగి చోటిచ్చాడు. గద్వాలలో చీరలు నేసే మనిషని తరువాత తెలిసింది. నా వంతు వచ్చినప్పుడు నాకు తెలిసిన పద్ధతిలోనే మొదలుపెట్టాను. పన్నెండు ఊళ్ళ దేశ్‌ముఖ్ గారి మునిమనవణ్ణి అన్నాను. చేనేత మనిషి నా మోకాలు తట్టాడు.

"ముత్తాత సంగతి ముత్తాత వచ్చినప్పుడు చెప్తడు తియ్ పటేలా. నీ సంగతి చెప్పు."

గదంతా నవ్వింది. నా ముఖం మండింది. లేచిపోదామనుకున్నాను. లేస్తే పెబ్బేరులో దిగుతానని నాకు తెలుసు.

"తాగుత" అన్నాను. "మానుదామంటె మానొస్తలేదు. ఇంట్ల మనిషి ఎల్లిపోయింది."

ఎవరూ ఓదార్చలేదు. పక్కవాడు తన మాట మొదలుపెట్టాడు. కండక్టరు నా ముందు చాయ్ పెట్టాడు. చెయ్యి వణికి సగం ధోవతి మీద ఒలికింది. ఎవరూ అదేదో వింతలాగా చూడలేదు. అందరి చేతులూ ఒకప్పుడు అట్లా వణికినవే.

ఆ తరువాత ప్రతి ఆదివారం పోయాను. మధ్యలో ఒకసారి జారాను. అది కూడా అక్కడే చెప్పాను. ఉప్పునుంతల నుంచి నా బావమరిది అప్పుడప్పుడు చెప్పకుండా ఇంటికి వచ్చి, పక్కన కూర్చుని, నోటి దగ్గరిదాకా ముక్కు తెచ్చి వాసన చూసి పోయేవాడు. ఆ అవమానం కూడా మింగాను. దసరా ముందు ఒక మధ్యాహ్నం నా భార్య సంచి పట్టుకుని బస్సు దిగి వచ్చింది. సంచి కింద పెట్టి నన్ను చూసింది.

"జర వొళ్లు జేసిండ్రు" అని వంటగదిలోకి పోయింది.

ఊళ్ళో ఉంటే పాత స్నేహాలు వదలవని ఇద్దరికీ అర్థమైంది. వనపర్తిలో ఆ బడికి దగ్గరగా రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. ఊళ్ళోని మా గడిని, ముత్తాత నాటి ఆ పెద్ద ఇంటిని, రైసుమిల్లు యజమాని స్థలం కోసం కొన్నాడు. టేకు దూలాలు, సింహద్వారం తలుపులు అతను వద్దన్నాడు. వాటిని విడిగా అమ్మేశాం.