లంబసింగి ఘాటులో ఆటో ఎక్కినవాడు

మాది కృష్ణా డెల్టా. ఎత్తు అంటే ఏమిటో మాకు పెద్దగా తెలియదు. కాలువ గట్టెక్కితే కొండెక్కినట్టు లెక్క, ఫ్లైఓవర్ మీద దిగకుండా సైకిలు తొక్కినవాడు మా దృష్టిలో వీరుడు. అలాంటి వాళ్లం ముగ్గురం మొన్న డిసెంబరులో వారం రోజులు పాడేరు వైపు కొండల్లో సైకిళ్ల మీద తిరిగి, టెంట్లలో పడుకుని, క్షేమంగా ఇల్లు చేరాం. మా వెనక ఎవరైనా బయల్దేరాలనుకుంటే పనికొస్తుందని రాస్తున్నాను. మా తెలివితేటల్ని మాత్రం ఆదర్శంగా తీసుకోవద్దు.

నేను విజయవాడ ఆటోనగర్‌లో బేరింగుల షాపు నడుపుతాను. రోజంతా కుర్చీలోనే పని, దాని ఫలితం చొక్కా గుండీల దగ్గర కనిపిస్తుంది. రంగారావుగారిది కంకిపాడు, వరి రైతు, నాకంటే అయిదేళ్లు పెద్ద. శౌరిది గుణదల, ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్, ఆరో తరగతి నుంచి నా పక్క బెంచీ. ఆదివారాలు బందరు కాలువ గట్టు మీద కలిసి సైకిలు తొక్కడం మా ముగ్గురికీ అలవాటు.

పద్నాలుగు నెలల కిందట శౌరికి గుండెలో స్టెంటు వేశారు. అప్పట్నుంచి ఆ ఇంట్లో వాణ్ణి గాజుగ్లాసులా చూసుకుంటున్నారు. వాళ్లావిడ మేరీ నీళ్ల బకెట్ ఎత్తనివ్వదు, గ్యాసుబండ ముట్టుకోనివ్వదు. ఆర్నెల్ల తర్వాత డాక్టరుగారు సైకిలు తొక్కవచ్చన్నారు. గుండె వేగం నూట ఇరవై దాటకుండా చూసుకోమని మాత్రం చెప్పారు. అప్పుడే కొండల మాట ఎత్తింది వాడు.

"నన్ను ఎవడూ ఏ పనీ చెయ్యనివ్వడం లేదురా సత్యం. ఒక్క కొండ నా కాళ్లతో నేను ఎక్కితే చాలు, నేనింకా ఉన్నానని నాకు నమ్మకం వస్తుంది," అన్నాడు.

ఆ మాటకి నేనూ రంగారావుగారూ కాదనలేకపోయాం. మేరీని ఒప్పించడానికి మూడు నెలలు పట్టింది. చివరికి బయల్దేరే ముందురోజు ఆవిడ మా షాపుకే వచ్చింది.

"ఘాట్ రోడ్డు మాత్రం బండిలో ఎక్కించండి అన్నయ్యగారూ. మిగతాదంతా మీ ఇష్టం. ఆయనకి తెలియనివ్వకండి, నామోషీ పడతారు. నాకు మాటివ్వండి," అంది.

నేను మాటిచ్చాను. శౌరికి ఒక మాట, మేరీకి ఒక మాట ఇచ్చి, మధ్యలో రెండు నాలుకలతో బయల్దేరాను.

ఉదయం ఆరుంపావు రైలు. అయిదున్నరకే స్టేషన్లో కలిశాం. మేరీ శౌరి బ్యాగు ఆటోలోంచి దింపి సరాసరి నా భుజానికి తగిలించింది. వాడు చెయ్యి చాపితే, "మీరుండండి," అంది. వాడు చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. ప్లాట్‌ఫారం దాకా ఆ బ్యాగు నేనే మోశాను.

సైకిళ్లు మాతో లేవు. ఆటోనగర్‌లో ఉండే లాభం అది. ముందురోజే రంగారావుగారు తెచ్చిన బియ్యం గోనెల్లో చుట్టి, నర్సీపట్నం వెళ్లే పార్సిల్ లారీలో వేయించాను. రైల్లో సైకిలుతో అవస్థపడే కంటే ఇది సుఖం. ఆ గోనెలతోపాటు రంగారావుగారు పది కిలోల బియ్యం కూడా వేశారని అక్కడికెళ్లాక తెలిసింది. బయట ఊళ్ల బియ్యం ఆయనకి అరగవట.

సామర్లకోట దాటాక ఇడ్లీ పొట్లాలు విప్పాం. ఎదురు సీటులో తుని వెళ్తున్న ఒక పెద్దావిడ మా టెంట్ల మూటలు చూసి ఏమిటని అడిగారు. చెప్పాం.

"కొండలెక్కడానికి బస్సులున్నాయి కదండీ," అన్నారావిడ, ఎవరూ చెప్పకపోవడం వల్ల మేమిలా అయిపోయామన్నట్టు. దిగేటప్పుడు జాలిపడి మూడు జామకాయలు ఇచ్చారు.

పదిన్నరకి నర్సీపట్నం రోడ్ స్టేషన్లో దిగాం. ఊరు అక్కడికి దూరం, బస్సులో గంట. మధ్యాహ్నం టిఫిను తిని, లారీ ఆఫీసులో సైకిళ్లు విడిపించుకుని, బస్టాండు దగ్గర లాడ్జిలో పడుకున్నాం. రెండోరోజు పొలాల మధ్య తేలిగ్గా తొక్కుకుంటూ లంబసింగి ఘాట్ మొదలయ్యే ఊరు చేరాం. హెడ్మాస్టరుగారి అనుమతితో బడి ఆవరణలో టెంట్లు వేసుకున్నాం. ఈ దారిలో ఎవరు వెళ్లినా ఊళ్లో అడిగే టెంటు వేయండి, అడిగితే కాదనేవాళ్లు మాకు తగల్లేదు.

సాయంత్రం శౌరి స్నానానికి వెళ్లినప్పుడు నేను ఆటో స్టాండుకి వెళ్లి ఒక డ్రైవర్‌తో మాట్లాడాను. ఘాట్ మొత్తం పన్నెండు కిలోమీటర్లు. కాలువ గట్టు మీద పన్నెండు కిలోమీటర్లు మాకు నలభై నిమిషాల పని. కొండ కాబట్టి గంట వేసుకున్నాను. ఏడింటికి బయల్దేరితే ఏడున్నరకి ఆరో కిలోమీటరు రాయి దగ్గరుంటాం. సరిగ్గా ఆ టైముకి ఆటో ఎదురుపడాలి, కాకతాళీయంగా దొరికినట్టు నేను ఆపాలి, "నాకు ఓపిక లేదు, నువ్వూ రారా" అని శౌరిని ఎక్కించాలి. ఇదీ పథకం.

"ఏడున్నరకా బాబూ? సైకిళ్ల మీదా?" అని డ్రైవర్ రెండుసార్లు అడిగాడు. నేను వాచీ చూపించి మరీ చెప్పాను. కిలోమీటరు అంటే ఎక్కడైనా కిలోమీటరేనని నమ్మే ఊరి నుంచి వచ్చినవాణ్ణి.

మూడోరోజు ఏడింటికే బయల్దేరాం. మొదటి మలుపులో నవ్వుకున్నాం, రెండో మలుపులో మాటలు ఆగిపోయాయి. ఏడున్నరకి మేం దాటింది ఒకటిన్నర కిలోమీటరు. నాకు చొక్కా తడిసి వీపుకి అంటుకుంది. రంగారావుగారు దిగి సైకిలు తోసుకుంటూ, "ఒక్కోటీ మన ఫ్లైఓవర్ అనుకుంటే, ఇప్పటికి ఎన్నయ్యాయంటావు సత్యం?" అన్నారు. లెక్కపెట్టే ఊపిరి నాకు లేదు.

శౌరి ఒక్కడే తీరుగా తొక్కాడు. చిన్న గేరు వేసుకుని, నడిచే మనిషి కంటే నెమ్మదిగా. మణికట్టు వాచీలో అంకె నూట పదిహేను దాటగానే దిగి, సైకిలు పక్కన నిలబడి, వంద కిందికి వచ్చాక మళ్లీ ఎక్కేవాడు. పాతికేళ్లు రక్తపు చుక్కలు లెక్కపెట్టిన మనిషి, తొందర వాడి ఒంట్లో లేదు. రెండుసార్లు నేనే వాణ్ణి దాటాను. రెండుసార్లూ ఆయాసంతో ఆగిపోయినప్పుడు వాడు నా పక్కనుంచి వెళ్లాడు.

ఆరో రాయి దగ్గరికి చేరేసరికి తొమ్మిదిన్నర. ఆటో లేదు. ఆ రోజు పైన సంత అని, డ్రైవర్ చూసి చూసి సంతకెళ్లేవాళ్లని ఎక్కించుకుని వెళ్లిపోయాడని తర్వాత తెలిసింది. ఆ క్షణంలో నాకు తెలిసింది ఒక్కటే, మేరీకి ఇచ్చిన మాట నీళ్లపాలయిందని. ఫోన్‌లో సిగ్నల్ లేదు. శౌరి ముందు మలుపు దగ్గర వాచీ చూసుకుంటూ నిలబడి ఉన్నాడు. వాడి కోసం భయపడుతూనే ఇంకో వంద గజాలు తొక్కాను. పిక్క పట్టేసింది. సైకిలుతో సహా పక్కకి ఒరిగి, రోడ్డు వార గడ్డిలో కూలబడ్డాను.

శౌరి వెనక్కి దిగొచ్చి నా కాలు చాపించి పిక్కకి ఆయింట్‌మెంట్ రుద్దుతున్నాడు. రంగారావుగారు టవల్‌తో విసురుతున్నారు. సరిగ్గా అప్పుడే పైనుంచి ఖాళీ ఆటో వచ్చి ఆగింది. డ్రైవర్ దిగి, మా ముగ్గురినీ చూసి, తిన్నగా నా దగ్గరికొచ్చాడు.

"గుండె బాగోలేనాయన మీరేనా బాబూ? రండి, నెమ్మదిగా ఎక్కండి. నిన్న మీ ఫ్రెండు అన్నీ చెప్పారు," అన్నాడు. నిన్న చీకట్లో మాట్లాడింది నేనేనని గుర్తుపట్టలేదు. నా మొహం అలా ఉంది మరి.

రంగారావుగారికి నవ్వాగలేదు. శౌరి నవ్వలేదు. నా పిక్క మీంచి చెయ్యి తీసేశాడు.

"నువ్వూ అంతేనా?" అన్నాడు.

నలభై ఏళ్లలో వాడు నన్ను తిట్టని తిట్టు లేదు. ఏదీ ఇంతగా గుచ్చుకోలేదు. మేరీ అడిగిందని, మాటిచ్చానని ఉన్నదంతా చెప్పేశాను. వాడు విన్నాడు. వాచీ నా మొహం ముందు పెట్టాడు. తొంభై ఆరు.

"నీది చూడమంటావా?" అని నా మణికట్టు పట్టుకుని నిమిషం లెక్కపెట్టాడు. "నూట నలభై రెండు. నువ్వెక్కరా ఆటో."

నాకు ఎక్కక తప్పలేదు. నా సైకిలు, ముగ్గురి సామాను, పది కిలోల్లో మిగిలిన బియ్యం, వాటి మధ్య నేను. రంగారావుగారు శౌరితో ఉంటానన్నారు. ఆటో కదులుతుంటే వెనక్కి చూశాను. శౌరి చిన్న గేరు వేసుకుంటున్నాడు.

పావుగంటలో పైన దిగాను. టీ బడ్డీ దగ్గర బల్ల మీద కూర్చుని రోడ్డు వైపే చూశాను. పొగమంచు అప్పటికే విడిపోయింది, లోయంతా పసుపుపచ్చగా వలిసె పూలు. జనం ఫొటోలు దిగుతున్నారు. నాకు ఏదీ బుర్రకెక్కలేదు. పదిన్నర అయింది, పదకొండు అయింది, పదకొండున్నర అయింది. వాడికేదైనా అయితే మేరీ మొహం ఎలా చూడాలి అని ఒకపక్క. వాడు లేకపోతే ఆదివారాలు కాలువ గట్టు మీద నేనెవడితో పోట్లాడాలి అని ఇంకోపక్క. ఈ రెండోదే ఎక్కువ బాధపెట్టిందని ఒప్పుకుంటాను.

పన్నెండు దాటాక రంగారావుగారు సైకిలు తోసుకుంటూ కనిపించారు. ఆయన ముందు శౌరి, తొక్కుకుంటూనే. టీ బడ్డీ దాకా తొక్కి, వాచీ చూసుకుని, అప్పుడు దిగి స్టాండు వేశాడు. నేను వెళ్లి కావలించుకున్నాను. చెమట వాసన, ఆయింట్‌మెంట్ వాసన. వాడు నా వీపు మీద ఒక్కటి చరిచాడు. అప్పుడు నాకు ఊపిరాడింది.

పైన సిగ్నల్ ఉంది. మేరీకి ఫోన్ చేశాను.

"ఆటో ఎక్కారా అన్నయ్యగారూ?"

"ఎక్కింది నేనమ్మా. వాడు తొక్కుకుంటూ వచ్చాడు."

"ఆయనకివ్వండి," అంది.

శౌరి ఫోన్ తీసుకుని, "నూట పద్దెనిమిది దాటలేదు మేరీ. ఇరవై మూడుసార్లు ఆగాను," అన్నాడు. తర్వాత విన్నాడు, విన్నాడు, పక్కకి తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

"ఏమంది?" అన్నాను ఫోన్ తీసుకుంటూ.

"టాబ్లెట్ వేసుకున్నారా అని."

మిగతా రోజులు హాయిగా గడిచాయి. చింతపల్లి, అక్కణ్నుంచి పాడేరు, రోజుకి పాతిక కిలోమీటర్లకి మించకుండా. కాఫీ తోటల మధ్య చల్లటి నీడలో ఎక్కడ ఎత్తు వచ్చినా శౌరి వెనక్కి తిరిగి, "ఆటో పిలవనా?" అనేవాడు. ఆ మాటలన్నీ నేను పడ్డాను.

నాలుగోరోజు సాయంత్రం టెంటు వేసే చోటు రంగారావుగారు చూశారు. వాగు పక్కన చదునుగా ఉన్న మడి. డెల్టా రైతుకి చదును నేల కనిపిస్తే మనసాగదు. తెల్లారేసరికి దుప్పట్లు కింద నుంచి తడిసి ముద్దయ్యాయి. మడి యజమానురాలు కట్టెలమోపుతో వచ్చి మమ్మల్ని చూసి నవ్వింది.

"చదును దొరికితే పంట వేసుకుంటాం. మనిషి పడుకోడానికి ఏటవాలు చాలదా?" అంది.

రంగారావుగారు సిగ్గుపడలేదు. ఆవిడతో గంటసేపు రాజ్మా సాగు గురించి మాట్లాడి, మిగిలిన కంకిపాడు బియ్యం ఇచ్చి, చిక్కుడు గింజలు పుచ్చుకుని వచ్చారు. ఆ సాయంత్రం ఆయన మొదటిసారి బయటి బియ్యం తిన్నారు, అరిగాయి కూడా.

పాడేరు నుంచి ఘాటు దిగి, చోడవరంలో ఒక రాత్రి ఆగి, ఏడోరోజు అనకాపల్లిలో సైకిళ్లని లారీ ఆఫీసులో ఇచ్చి మధ్యాహ్నం రైలెక్కాం. గోదావరి దాటాక కిటికీ బయట అంతా చదునే. కోసిన చేలు, వేసిన కుప్పలు, గీత గీసినట్టు కాలువలు. వారం కిందట ఈ నేల నాకు అలవాటుగా అనిపించేది. ఇప్పుడు ముద్దొచ్చింది. మమ్మల్ని ఇన్నేళ్లు ఇంత సుఖంగా తిప్పిందన్న కృతజ్ఞత కావచ్చు. వెళ్లాలనుకునేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. కొండ మీద కిలోమీటర్లు లెక్కపెట్టకండి, ఎన్నిసార్లు ఆగాలో లెక్కపెట్టుకోండి. శౌరి దగ్గర నేర్చుకున్నాను.

రాత్రి ఏడుంపావుకి విజయవాడ. ప్లాట్‌ఫారం మీద మేరీ నిలబడి ఉంది. శౌరిని తల నుంచి కాళ్ల దాకా ఒకసారి చూసింది, ఎండకి కమిలిన మొహం, గడ్డం. నాకు మొహం చెల్లక, ఏదో ఒక పని కావాలని, అలవాటుగా శౌరి బ్యాగు అందుకోబోయాను.

"ఉంచండన్నయ్యగారూ. ఆయన బ్యాగు ఆయన తెచ్చుకుంటారు," అంది.

శౌరి ఒక్క క్షణం ఆవిడ వైపు చూసి, వంగి బ్యాగు భుజానికెత్తుకున్నాడు. వంతెన మెట్ల మీద ముందు వాడు, వాడి వెనక ఆవిడ, వెనక మేమిద్దరం. సగం మెట్లు ఎక్కాక వాడు ఆగి వాచీ చూసుకున్నాడు. ఆవిడా ఆగింది.

"ఎంత?" అంది.

"నూట నాలుగు."

"అయితే పదండి," అంది మేరీ.