బ్యాటరీ లేని వ్యాన్ హారన్

దెయ్యాలంటే నాకు నవ్వు. పెళ్ళిళ్ళలో డోలు వాయించేవాణ్ణి. ముహూర్తాలు ముగించుకుని శ్మశానాల పక్కనుంచి ఎన్నిసార్లు నడిచొచ్చానో. దారిలో కుక్కలకు తప్ప దేనికీ భయపడింది లేదు. పైగా నేను చెప్పబోయేది పట్టపగలు, అందరూ చూస్తుండగా జరిగింది.

మాది బొబ్బిలి దగ్గర పల్లె. మా అక్క మొగుడు అప్పలసూరి బావది సన్నాయి, నాది డోలు, తోడు ఇంకో ఇద్దరు. డోలుతో బస్సెక్కితే కండక్టర్ల చీవాట్లు, ఆటోలు దొరికితే దొరికినట్టు. అందుకే ఏదో కేసులో పట్టుబడిన వ్యాన్‌ను కోర్టు ఉత్తర్వుతో పోలీసులు వేలం వేస్తుంటే, నలుగురం ఉన్నదంతా ఊడ్చి పాడుకున్నాం. స్టేషన్ ఆవరణలో వానలకు నాని, సీట్ల మధ్య తీగలు మొలిచి ఉంది. బ్యాటరీని ఎవరో ఎప్పుడో ఊడబీక్కుపోయారు. అయినా మా సంతోషానికి పట్టపగ్గాల్లేవు.

వేలంలో కొన్నంత మాత్రాన బండి మనదైపోదు. రవాణా ఆఫీసు ఇన్‌స్పెక్టర్ ఛాసిస్ మీద, అంటే బండి అడుగు చట్రం మీద చెక్కిన నంబరు చూసి, దాని మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకోవాలి. అది పోలీసులిచ్చిన నంబరుతో సరిపోతేనే ఆర్సీ మన పేరు మీదకి వస్తుంది. ఆర్సీ లేనిదే రోడ్డెక్కకూడదు. పెళ్ళిళ్ళ నెల చూస్తే నెత్తి మీదకొచ్చేసింది.

ఇక్కడే మా బావ కొంప ముంచాడు. పెళ్ళిచూపులకు పిల్లను ముస్తాబు చెయ్యమా అంటూ, ముందురోజే బండికి పైనా కిందా మందంగా నల్లరంగు పూసేశాడు.

ట్రాక్టర్‌కి కట్టి ఆఫీసుకి లాక్కెళ్ళాం. ఇన్‌స్పెక్టర్‌గారు చాలాసేపు వెతికారు. ఎక్కడ చూసినా రంగే, దాని కింద తుప్పు. మమ్మల్ని గీకొద్దన్నారు, గీకితే నంబరు దిద్దారన్న అనుమానం వస్తుందట. కనబడకపోతే తిప్పి పంపడం తప్ప దారి లేదన్నారు. నలుగురి బతుకూ ఆ ఇనుములోనే పెట్టాం.

అప్పుడు బావ నా పక్కకొచ్చాడు.

"ఒరే, కొత్తది ఏటి కొన్నా ముందు దానికి మేళం వాయిస్తాం కదేటి. దీనికి వాయించనేదు. అలిగుంటాది."

అది మా ఆనవాయితీ. సైకిలు కొన్నా వాయిస్తాం, కుట్టుమిషన్ కొన్నా వాయిస్తాం. ఈసారి హడావిడిలో మర్చిపోయాం. సాయంత్రం ఒక ఇంట్లో పసుపు దంచే వేడుక ఉండటంతో వాయిద్యాలు వెంటే ఉన్నాయి. ఏడుస్తూ కూర్చోవడం కంటే నయమని నేనూ డోలు తగిలించుకున్నాను.

బావ సన్నాయి ఎత్తుకున్నాడు, నేను దరువు వేశాను. వ్యాన్ హారన్ మోగింది. నేను ఆపితే ఆగింది. కొడితే మళ్ళీ మోగింది, అదీ నా దరువుకి సరిగ్గా. లైసెన్సుల కోసం వచ్చినవాళ్ళంతా చుట్టూ మూగారు. ఒకావిడ చప్పట్లు కూడా అందుకుంది. నా చేతులు ఆగలేదు. అంత హుషారుగా ఏ పెళ్ళిలోనూ వాయించలేదు.

చప్పుడు ఎక్కణ్ణుంచో చూద్దామని ఇన్‌స్పెక్టర్‌గారు బండి కిందకి దూరారు. కుడి చక్రం వెనక ఛాసిస్ మీద చెయ్యి వేస్తే అదురుతోందట. ఆయన చూస్తుండగానే రంగూ తుప్పూ పెళ్ళలుగా రాలి నంబరు బయటపడింది. ఒక్క అంకె తేడా లేదు.

అచ్చు తీసుకున్నాక ఆయన చొక్కా దులుపుకుంటూ నెమ్మదిగా అడిగారు.

"బ్యాటరీ నిజంగా లేదా?"

ఖాళీ చోటు చూపించాను. ఎలకలు కొరికిన హారన్ వైర్లు వేలాడుతున్నాయి. ఆయన వాటిని వేలితో కదిపి చూసి, కాగితాల మీద సంతకం పెట్టారు.

ఆర్సీ వచ్చింది. కొత్త బ్యాటరీ, కొత్త హారన్ వేయించాం. నొక్కితే మోగుతుంది, నొక్కకపోతే మోగదు. ఏదో అదురుకి అలా అయ్యుంటుందని ఒక మెకానిక్ అన్నాడు. అదురుకి దరువు తెలుస్తుందా అన్నాను. ఆ రోజు మాతో కలిసి వాయించిందెవరో నాకు ఇప్పటికీ తెలీదు. తెలిస్తే ఐదోవాడిగా మేళంలో కలిపేసుకుంటాం.