పేపర్లో పడిన మా సుంకమ్మ

ఏడేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పొడుగైనదేం కాదు. "లేదు" అనే ఒక్క మాట. అన్నప్పుడు ఎంత తేలిగ్గా నోట్లోంచి వచ్చిందో, ఇప్పుడు తలుచుకుంటే ఆశ్చర్యమేస్తుంది. ఇంట్లోవాళ్ళకు చెప్పలేకపోయాను. మీకు నేనెవరో తెలియదు, మీ ముఖం నేను చూడలేదు. అందుకే మీకు చెబుతున్నాను.

మాది కోడుమూరు దగ్గర పల్లె. కోడుమూరులో విత్తనాల అంగట్లో పని. పదో తరగతితో బడి ఆగింది. చదువు ఆగింది అని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోను. ఇరవై ఏళ్ళకు పైగా ప్రతి ఆదివారం బస్సెక్కి కర్నూలు పోయి, ఒక పాత గ్రంథాలయంలో పొద్దు వాలేదాకా చదువుతున్నాను. అక్కడ వెనక గదిలో పాత పత్రికలు ఏడాదికొక సంపుటంగా కట్టి పెట్టారు. ఆ గదిలోకి అందరినీ పోనివ్వరు. నన్ను పోనిచ్చారు. దుమ్ము తుడవడానికి పాత పంచె గుడ్డ ఇంటినుంచే పట్టుకుపోయేవాణ్ణి. పాత కాగితాన్ని మూల పట్టుకొని తిప్పితే విరుగుతుంది, కింద అరచెయ్యి పెట్టి లేపాలి. ఇది నాకెవరూ నేర్పలేదు. అంగడికొచ్చే రైతులు నన్ను "లైబ్రరీ" అని పిలిచేవాళ్ళు. వెక్కిరింపే. నాకు మాత్రం బిరుదు లాగే ఉండేది.

ఆ గదిలో నేను వెతికింది మా తాత తల్లి సుంకమ్మను. ఆమె నీళ్ళు చూసేది. అంటే, బావి ఎక్కడ తవ్వాలో చెప్పేది. మిట్టమధ్యాహ్నం చెప్పుల్లేకుండా చేనంతా నడిచి, ఒకచోట ఆగి, నోట్లో చుట్ట తీసి అక్కడ నేలలో గుచ్చేదట. "ఈడ" అనేదట. అంతే, ఇంకో మాట లేదు. కూలి కింద దుడ్లు ముట్టేది కాదట. కొత్త రుమాలు అడిగి, మగవాళ్ళలాగా తలకు చుట్టుకొని ఊరి నడుమ నడిచేదట. ఒకసారి తాలూకా అధికారులు తవ్వించిన రెండు బావులూ ఎండిపోతే ఆమెను పిలిపించారట. ఆమె చుట్ట గుచ్చిన చోట నీళ్ళు పడ్డాయట. పత్రికలో ఫోటోతో సహా వేశారట.

ఈ "అట"లన్నీ ఎల్లమ్మ జేజివి. సుంకమ్మ ఆఖరి కూతురు ఆమె, మా తాతకు చెల్లెలు. మొగుడు పోయాక పుట్టింటికొచ్చి మా దగ్గరే ఉండిపోయింది. ఆ పేపరును మిద్దె గోడకు అంబలితో అంటించారనీ, ముసురు పట్టిన ఏడు గోడతోపాటే కూలిపోయిందనీ చెప్పేది. అమ్మ పక్కన తానూ ఫోటోలో ఉన్నాననేది. ఊళ్ళో ఒక్కరూ నమ్మలేదు. బియ్యం కోసం రేషన్ అంగడి ముందు నిలబడితే, "ఏమ్మే పేపరు జేజీ, ఈపొద్దు యా పేపర్లో పడినావు?" అని నవ్వేవాళ్ళు. జేజి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని తనూ నవ్వేది.

ఆ పేపరు నేను పట్టుకొస్తానని మాటిచ్చాను. నాలుగేళ్ళు వెతికాను. ఒక మూల నుంచి మొదలుపెట్టి, పుట తర్వాత పుట. ఒకరోజు జేజి ఏదో చెప్పబోతే, "నోటిమాటలు పనికిరావు జేజీ, కాగితం మీద ఉండాల" అన్నాను. ఆమె నాకు మళ్ళీ చెప్పబోలేదు.

ఇక లలిత సంగతి. మా చిన్నాయన కూతురు, నాకంటే చాలా చిన్నది, కడపలో కాలేజీ పిల్లలకు పాఠాలు చెబుతుంది. ఆమె అంటే నాకు అసూయ. ఈ మాట రాయడానికి మూడుసార్లు కలం ఆపాను. నాకేం అన్యాయం చేసింది? ఏమీ చేయలేదు. వచ్చినప్పుడల్లా నాకొక పుస్తకం తెచ్చేది. "ఇది ఎప్పుడో చదివేసినా" అని అక్కడే వదిలేసి, తర్వాత ఆ పుస్తకాన్నే గ్రంథాలయంలో వెతుక్కొని చదివేవాణ్ణి. ఆమె గడప తొక్కితే మా నాయన కండువాతో కుర్చీ తుడిచి వేసేవాడు. నేను ఆదివారమంతా చదివి, తల నిండా నింపుకొని ఇంటికొస్తే, "బస్సు ఆలస్యమా?" అని అడిగేవాడు. ఆ కుర్చీ కోసం కుళ్ళిపోయానా నేను? అవును. ఆ కుర్చీ కోసమే.

ఆ ఏడు వేసవి సెలవుల్లో లలిత వచ్చి, సుంకమ్మ మీద చిన్న పుస్తకం రాస్తానంది. పొద్దున్నే జేజి పక్కన అరుగు మీద కూర్చుంది. కాగితం లేదు, కలం లేదు. నేను తలుపు వెనక నిలబడి విన్నాను.

"ఫోటో తీసిన దినం ఏం తిన్నావు జేజీ?" అని అడిగింది.

నాకు నవ్వొచ్చింది. ఇదా పరిశోధన?

"సీతాఫలాలు" అంది జేజి, తడుముకోకుండా. "చేతులంతా జిగట జిగట. మాయమ్మ తిట్టింది. అప్పుడే ముందరి పండ్లు రెండూ ఊడినాయి నాకు. నగొద్దే, బొక్కినోరు పేపర్లో పడతాది అనింది. అందుకే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటి."

సీతాఫలాలంటే వానలు వెనకబట్టే రోజులు. ముందరి పళ్ళు ఊడాయంటే ఏడేళ్ళ పిల్ల. జేజి పుట్టింది గత్తర, అదే కలరా, వచ్చిన ఏడని ఊళ్ళో ముసలివాళ్ళందరికీ తెలుసు. సాయంత్రానికి లలిత ఒక చీటీ తెచ్చి నా చేతిలో పెట్టింది. ఒక సంవత్సరం, రెండు నెలలు. "అన్నా, ఇవి మాత్రం చూడు. ఆ గది నీకు తెలిసినంత ఎవరికీ తెలీదు" అంది. ఎగతాళి కాదు. నిజంగానే అంది.

నాలుగేళ్ళు. జేజి మంచానికీ నా మంచానికీ నడుమ ఒక్క గోడ. ఒక్కనాడైనా అడిగానా? ఎందుకు అడగలేదు? అడిగితే నా చదువు తక్కువైపోతుందనుకున్నానా?

ఆదివారం పోయి ఆ సంపుటం దించాను. అరగంట పట్టలేదు. బావి ఒడ్డున రుమాలు చుట్టుకొన్న ఆడమనిషి, చేతిలో చుట్ట. కింద నాలుగు వరసల్లో బావి సంగతి, ఆమె పేరు, మా ఊరి పేరు. ఆమె కొంగు పట్టుకొని ఒక చిన్నపిల్ల. ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం ఉంది.

అప్పుడు నాకు సంతోషం కలగాలి. కలగలేదు. మొదట వచ్చిన ఆలోచన ఏమిటో చెబుతాను, తిట్టుకోండి. "లలిత కనిపెట్టింది అంటారు." అదీ నా ఆలోచన. గ్రంథాలయంలో పుస్తకాన్ని పోగొట్టాలంటే దొంగిలించనక్కర్లేదు. తప్పు అరలో పెడితే చాలు. ఆ విద్యా అక్కడే నేర్చుకున్నాను. పై అరలో పాత గెజిట్ల వెనక, పేరున్న వైపు గోడకు తిప్పి పెట్టేశాను. ఆ రెండు నెలల పుటలు చెదలు తినేశాయని, అప్పటికే కడపకు తిరిగిపోయిన లలితకు ఫోనులో చెప్పాను. అయ్యో అంది. నమ్మింది.

ఎప్పటికీ దాచాలని కాదు. కొన్నాళ్ళు ఆగి, చీటీ సంగతి అందరూ మరిచాక, నేనే మరో చోట వెతికి పట్టినట్టు తెద్దామనుకున్నాను. మళ్ళీ సీతాఫలాలు వచ్చేనాటికి. ఆ పండ్లతోపాటే జేజి ఒళ్ళో పెడదామని కూడా అనుకున్నాను. చూశారా, ఎంత అందంగా ఊహించుకున్నానో!

ఇంటికి రాగానే జేజి అడిగింది. "దొరికిందా అప్పా?"

"లేదు జేజీ."

"బాగా చూసినావా?"

"పుట పుటా చూసినా. యాడా లేదు."

ఆమె తన చేతులు తిప్పి చూసుకుంది. "అట్లయితే నేనే అబద్ధం చెప్తాండానేమో నాయనా. శానా దినాలాయ గదా. కల గన్నానో ఏమో" అంది.

చెప్పేయొచ్చు. అప్పుడే, ఆ నిమిషంలోనే చెప్పేయొచ్చు. కనీసం లలితకు చెప్పిన చెదల మాటైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

ఆ తర్వాత జేజి ఆ కథ చెప్పడం మానేసింది. రేషన్ అంగడి దగ్గర ఎప్పటిలాగే ఆటపట్టిస్తే, "పడిందో లేదో అప్పా, లైబ్రరీ చదివినోడే లేదన్యాడు" అందట. ఈసారి నవ్వలేదట. నేను కాదన్నందుకు, తొంభై ఏళ్ళ మనిషి కన్నతల్లి కొంగు పట్టుకున్న సంగతి కూడా నమ్మలేకపోయింది. నా మాటకు అంత విలువ ఒక్క ఆమె దగ్గరే ఉండేదని నాకు తెలియలేదు. నేను కుర్చీ ఎక్కడో వెతుక్కుంటున్నాను.

సీతాఫలాలు ఇంకా కళ్ళు తెరవకముందే జేజి పోయింది. జ్వరం, నాలుగు రోజులు. రేపు చెబుదాం, కాస్త తేరుకోనీ అనుకుంటూ నాలుగు రోజులూ మంచం పక్కనే కూర్చున్నాను.

లలిత పుస్తకం వచ్చింది. సుంకమ్మ ఫోటో పత్రికలో పడిందని ఇంట్లో చెప్పుకుంటారనీ, ఆధారం దొరకలేదనీ అందులో ఒక వాక్యం ఉంది. మొదటి పుటలో నాకు కృతజ్ఞతలు ఉన్నాయి, నా పేరు పెట్టి. నాలుగేళ్ళు వెతికిన అన్నకు అని. నా పేరు అచ్చులో పడటం అదే మొదలు. ఆ పుటను మా నాయన ఊళ్ళో అందరికీ చూపించాడు. ఆ రోజు నాకూ కుర్చీ వేశాడు. కూర్చున్నాను కూడా.

మొన్న ఆదివారం గెజిట్ల వెనక చెయ్యి పెట్టి ఆ సంపుటం తీశాను. దుమ్ము తుడిచి దాని చోట దాన్ని పెట్టాను. పెడుతుంటే కూడా, ఇక లలిత వచ్చి ఇది తన పుస్తకంలో వేసుకుంటుంది గదా అని లోపల కలుక్కుమంది. అసూయ పోలేదు. అది పోయిందని చెబితే ఇంకో అబద్ధమవుతుంది. లలిత ఇది చదివితే సీతాఫలాల దగ్గరే పోల్చుకుంటుంది. పోల్చుకోనీ. క్షమించమని అడగను. అడగాల్సిన మనిషి లేదు.

ఆ మనిషి నన్ను ఒకటి అడిగింది. ఏడేళ్ళ తర్వాత జవాబు రాస్తున్నాను. ఇది రాయడం తప్ప నాకు వేరే ఊరట లేదు.

దొరికింది జేజీ. మీయమ్మ తలకు రుమాలు ఉంది. నువ్వు పక్కనే ఉన్నావు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొనే ఉన్నావు.