సాయమ్మ చీలమండతో పాలమూరుకు

మా చెల్లెలు సాయమ్మ మక్తల్ దగ్గరి పల్లెలో మేకలు, గొర్రెలు కాస్తుంది. నెల కిందట గుట్ట దిగుతూ జారింది. అప్పటినుంచి కుడి చీలమండ వెనుక నొప్పి. ఆమె భర్త మల్లయ్య, కుంటే గొర్రెను పరీక్షించినట్టే ఆమెను చదును వాకిట్లో రెండుసార్లు నడిపించి చూశాడట. కుంటలేదు. "ఏం గాలే, మందెంబడి పోవుడు తప్పించుకునే ఉపాయం" అన్నాడట. సాయమ్మ నాకు ఫోన్ చేసి ఏడ్చింది, నొప్పికి కాదు, ఆ మాటకు.

ఆమెను దవాఖానలో చూపిద్దామని నల్గొండ నుంచి ముందురోజే వాళ్ల ఊరు చేరాను. ఉదయం ఆరూ నలభైకి మక్తల్‌లో, అందరూ పాలమూరు అనే మహబూబ్‌నగర్‌కు బస్సు. సాయమ్మ ఆధార్ కార్డు చూపి ఉచిత టికెట్ తీసుకుంది. మల్లయ్య కూడా వచ్చాడు. దేవరకద్రలో ఎక్కిన ఒక అవ్వ, "కాలేమైంది బిడ్డా?" అని అడిగింది.

"ఏం గాలేదంట అవ్వా. మా ఇంటాయన చూసి చెప్పిండు."

చుట్టుపక్కల వాళ్లు నవ్వారు. మల్లయ్య కిటికీలోంచి బయటికి చూశాడు.

ఎనిమిదిన్నరకు దిగి, బస్టాండు ఎదుట ఇడ్లీ తిని, ఆటోలో దవాఖానకు వెళ్లాం. పదింటికి పిలిచారు. ఎక్స్‌రేలో చీలమండ వెనుక శనగగింజంత ఎముక విడిగా కనిపించింది.

"ఇది కొందరికి పుట్టుకతోనే ఉండే అదనపు ఎముక. మామూలుగా ఏం కాదు" అంది డాక్టరమ్మ.

మల్లయ్య నా వైపు చూశాడు. సాయమ్మ తల దించుకుంది.

"ఎప్పుడు నొస్తదమ్మా?" అని డాక్టరమ్మ ఆమెను అడిగింది.

"నడిస్తే అంత లేదు మేడం. మేకలకు కొమ్మ వంచనీకి మునివేళ్ల మీద నిలవడితే పానం పోతది. గుట్ట దిగినా గంతే."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. పాదాన్ని కిందికి వంచగానే సాయమ్మ నా చేయి గట్టిగా పట్టుకుంది. రెండో కాలికీ ఎక్స్‌రే తీయించారు. అందులోనూ ఆ ఎముక ఉంది, గులకరాయిలా నున్నగా. కుడికాలి దాని అంచు మాత్రం గరుకు. మధ్యాహ్నం స్కాన్‌తో ఖాయమైంది.

"విరిగింది. చాలా అరుదు. చదునులో నడిస్తే బయటపడదు, పాదం కిందికి వంగితేనే నలుగుతది" అంది డాక్టరమ్మ. మోకాలి కింది దాకా కట్టు వేసి, చంక కర్రలు ఇచ్చి, ఆరు వారాలు పాదం నేలకు ఆనించొద్దంది. అప్పటికీ అతకకపోతే ఆ ముక్కను తీసేస్తారట.

నాలుగింటి బస్సులో మల్లయ్య తన కండువా మడిచి ఒడిలో పెట్టుకుని, దాని మీద ఆమె కాలు పెట్టుకున్నాడు.

"అందరు చూస్తున్నరు, కాలు దించు" అంది సాయమ్మ.

"చూడనీ."

"మందెంబడి ఎవరు పోతరు?"

"నేనే పోత. కొమ్మలు గూడ నేనే వంచుత."

ఇలాంటి నొప్పితో వెళ్లేవారికి ఒక మాట. ఎక్కడ నొస్తుందో చెప్తే చాలదు, ఏ పని చేస్తే నొస్తుందో కూడా చెప్పండి.

ఆరింటికి మక్తల్. మల్లయ్య ముందుగా దిగి, మెట్ల దగ్గర వీపు చూపి వంగాడు.

"చంక కర్రలున్నయి గదా!" అంది సాయమ్మ.

"కర్రలు చదునుకు. దిగుడుకు నేను."