ఐదో గుంట

ఆంటీ పోయారన్న కబురు నాకు ఆక్లాండ్‌లో, ఆఫీసుకి వెళ్ళే బస్సులో అందింది. ఫోన్ చేసింది ఆమె కూతురు. న్యూజిలాండ్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు అర్థమవుతుంది కానీ మాట్లాడటం తక్కువ. ఆ రోజు మాత్రం తెలుగులోనే మొదలుపెట్టింది. "అన్నా, అమ్మ పోయింది. పొద్దున్నే. నిద్రలోనే." అక్కడితో ఆమె తెలుగు అయిపోయింది. అంత్యక్రియలు గురువారమనీ, రాలేకపోతే పర్వాలేదనీ ఇంగ్లిష్‌లో చెప్పి పెట్టేసింది. నేను దిగాల్సిన స్టాపు దాటిపోయింది. ఆ తర్వాతవీ దాటిపోయాయి. చివరి స్టాపులో డ్రైవరు లేచి వచ్చి "బాగానే ఉన్నావా?" అని అడిగేదాకా నేను కదలలేదు.

జూన్ లాంగ్ వీకెండ్‌కి ఆంటీ ఉండే డునెడిన్‌కి టికెట్ కొనిపెట్టుకుని ఉన్నాను. ఇంకా తొమ్మిది రోజులుంది. ఆంటీకి ఒక మాట చెప్పాలి. నాలుగేళ్ళకు పైగా నోటిదాకా వచ్చి ఆగిపోయిన మాట. వినాల్సిన మనిషి లేకుండాపోయారు. అందుకని మీకు చెబుతున్నాను.

నేను డునెడిన్‌కి చదువుకోవడానికి వచ్చిన కొత్తలో, రైతులకి మట్టి పరీక్షలు చేసిపెట్టే ఒక చిన్న లాబ్‌లో సీసాలు కడిగే పార్ట్‌టైమ్ పని దొరికింది. ఆ లాబ్‌లో ఆంటీ పెద్ద టెక్నీషియన్. ప్రకాశం జిల్లా మనిషి. భర్త చాలా ఏళ్ళ క్రితమే పోయారు. కూతురూ తనూ. అందరూ ఆమెని పేరు పెట్టి పిలిచేవాళ్ళు. నాకు నోరు రాక "మేడం" అన్నాను. "ఇక్కడ మేడం అంటే నవ్వుతారు అబ్బాయ్. ఆంటీ అను, సరిపోద్ది" అన్నారు.

మొదటి రోజే ఒక గ్లాసులో వాననీళ్ళు పోసి, అందులో చిన్న మట్టిబెడ్డ జారవిడిచి నా ముందు పెట్టారు. "కదపమాక. ఊరికే చూడు." ఐదు నిమిషాలకి బెడ్డ అంచులనుంచి పొగలాగా ఏదో లేచింది. పది నిమిషాలకి గ్లాసు మొత్తం పలచటి పాలలాగా అయిపోయింది. అరగంట ఆగినా తేరుకోలేదు.

"ఏందో చెప్పు?"

"తెల్వది ఆంటీ."

"నల్గొండోడివి, నీకు తెలవకపోతే ఎట్టారా? చౌడు!"

న్యూజిలాండ్‌లో, తెల్లకోటు వేసుకున్న మనిషి నోట చౌడు అన్న మాట వినడం నాకు ఎంత వింతగా అనిపించిందో చెప్పలేను. మా అమ్మమ్మగారి ఊళ్ళో చౌడు నేల ఉండేది. దాని మీద తుమ్మ తప్ప ఏదీ మొలిచేది కాదు. దాన్ని తలుచుకునేవాళ్ళే లేరు. ఆంటీకి మాత్రం అలాంటి నేలలంటేనే ప్రాణం.

న్యూజిలాండ్ అంటే పచ్చగడ్డీ గొర్రెలూ అనుకుంటారు మీరు. నేనూ అలాగే అనుకున్నాను. డునెడిన్ నుంచి రెండున్నర గంటలు లోపలికి, అలెగ్జాండ్రా వైపు వెళ్తే వానలు ఆగిపోతాయి. కొండలు గోధుమరంగులోకి తిరుగుతాయి. రాళ్ళ మధ్య వామువాసన లాంటి ఘాటుతో అడవి థైమ్ మొక్కలు తప్ప పచ్చన కనిపించదు. ఎడారికి ఒక మెట్టు ఇవతల అన్నమాట. అక్కడి మట్టిలో సగం గాలి తెచ్చింది, సగం నీళ్ళు తెచ్చాయి. హిమానీనదాలు రాళ్ళని పిండి చేస్తే, ఆ పిండిని గాలి ఎత్తుకొచ్చి దులిపిపోయిన మట్టిని లోయెస్ అంటారు. ఏరులు తెచ్చి పరిచింది ఒండ్రు. ఈ రెండూ మెత్తగా, పిండిలాగా, చూడటానికి ముద్దొచ్చేలా ఉంటాయి.

"వాన పడే చోట ఉప్పులు కొట్టుకుపోతాయి. ఇక్కడ పడదు. అందుకని సోడియం ఎక్కడికీ పోకుండా కిందే కూర్చుంటది. పైన జానెడు మంచి మట్టి, దాని కింద స్తంభాలు స్తంభాలుగా గట్టిపడ్డ బంకమట్టి. వేరు దిగదు, నీళ్ళు దిగవు. తడిస్తే జిగురు, ఎండితే రాయి. ఇంకా కింద సున్నం" అని ఆంటీ గుంటలో మోకాళ్ళ మీద కూర్చుని, వేలితో పొర పొరా చూపించేవారు. చిన్న సీసాలోంచి ఆసిడ్ చుక్క వేస్తే ఆ సున్నం పొర సోడా బుడ్డిలా బుస్సుమనేది. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నదే అయినా ప్రతిసారీ నవ్వేవారు.

"ఈ నేల దేనికీ పనికిరాదా ఆంటీ?" అని ఒకసారి అడిగాను.

"మా ఊళ్ళో చాకలోళ్ళు చౌడు మట్టితోనే బట్టలు ఉతికేవాళ్ళు. మల్లెపూలలాగా వచ్చేయి. నేలని తప్పు పట్టమాక. అడగగూడని పని అడిగినోడిది తప్పు."

ఆంటీ గ్లవ్స్ వేసుకునేవారు కాదు. ఆ క్షారానికీ చలికీ వేళ్ళు పగిలిపోయేవి. కోటు జేబులో కొబ్బరినూనె డబ్బా ఉండేది. మధ్యాహ్నం లాబ్ వాళ్ళ యూట్, అంటే చిన్న ట్రక్కు, వెనక తలుపు దించి, దాని మీద కూర్చుని పెరుగన్నం తినేవాళ్ళం. నా బాక్సులో బ్రెడ్డు కనిపిస్తే తీసి పక్కన పెట్టి, తన అన్నంలో సగం నా మూతలోకి తోసేవారు. తెలంగాణ వచ్చిన ఏడు "మీ రాష్ట్రం మీకొచ్చిందిగా, స్వీటేదిరా?" అని దబాయించి, సాయంత్రం ఆవిడే పాయసం చేసి పిలిచారు. తవ్విన గుంటని పూడ్చేటప్పుడు కిందది కిందకి, పైది పైకి, వచ్చిన వరసలోనే వేయాలి. చివర గడ్డి పెళ్ళ పరిచి కాలితో అదమాలి. నేను తొందరపడి కలిపేస్తే కోప్పడేవారు. ఎప్పుడూ అనే మాట ఒకటుంది: "పై అడుగు చూసి మురిసిపోమాక. మూడో అడుగుదాకా ఆగు." ఆ మాట నేను వందసార్లు విన్నాను. వినాల్సిన రోజున వినలేదు.

అది తెలంగాణ వచ్చిన ఆ ఏడే, బతుకమ్మల రోజు. అలెగ్జాండ్రా దగ్గర ఒక పెద్దాయనా ఆయన భార్యా ఆప్రికాట్ తోట వేద్దామనుకుని నేల పరీక్షకి ఇచ్చారు. ఆ వేళకి నన్ను ఫీల్డు పనిలోకి తీసుకున్నారు. ఆంటీకి నడుం పట్టేయడంతో నన్నొక్కణ్ణే పంపారు. ఐదు గుంటలు. ఒక్కోటి మీటరు లోతు. ఒక్కోదాన్నుంచి పై మట్టి ఒక సంచి, కింది మట్టి ఒక సంచి.

నాలుగు గుంటలు సరిగ్గానే తవ్వాను. ఐదోది ఏటివైపు పల్లపు మూలలో. అడుగున్నర దిగేసరికి పార ఠంగుమంది. గాలి కళ్ళలో దుమ్ము కొడుతోంది. చేతులు బొబ్బలెక్కాయి. సాయంత్రం డునెడిన్‌లో బతుకమ్మ. రాష్ట్రం వచ్చాక మొదటి బతుకమ్మ. నా భార్య ఇండియా నుంచి వచ్చి మూడు వారాలే అయింది. "లేటు చేయకు, నాకెవ్వరూ తెల్వరు" అని రెండుసార్లు మెసేజ్ పెట్టింది. నేను నాలుగో గుంట దగ్గరికి వెళ్ళి, అదే కింది మట్టిని ఇంకో సంచిలో నింపి, దాని మీద ఐదు అని రాశాను.

మర్నాడు లాబ్‌లో ఆంటీ అడిగారు. "ఐదూ మీటరు దిగావా?"

"దిగిన ఆంటీ."

ఒక్క మాట. రిపోర్టు మీద ఆంటీ సంతకం పెట్టారు.

చెట్లు నాటిన రెండో వేసవిలో ఆ పెద్దాయన ఫోన్ చేశారు. పల్లపు మూలలో ఆకుల అంచులు మాడి, మొక్కలు వరసకి వరస ఎండిపోతున్నాయి. డ్రిప్ నీళ్ళు దిగక పైనే నిలుస్తున్నాయి. ఆరినచోట ఉప్పు తెల్లగా పొంగుతోంది. ఆంటీ నన్ను వెంటబెట్టుకుని వెళ్ళారు. పార నేనందుకోబోతే ఇవ్వలేదు. అరవై దాటిన మనిషి, పట్టేసే నడుముతో, ఎండలో తనే తవ్వారు. అడుగున్నర దగ్గర నా పాత గుంట అడుగు కనిపించింది. పైన వదులు మట్టి, కింద పార దిగని బంకమట్టి స్తంభాలు. ఆంటీ దాన్ని చూశారు. నావైపు చూడలేదు. ఇంకా తవ్వారు. మీటరు దగ్గరి మట్టి కొలిస్తే పీహెచ్ తొమ్మిదిన్నర దాటింది. ఒట్టి చౌడు.

పెద్దాయన గట్టు మీద నిలబడి నన్ను చూస్తూ "అప్పుడు దీన్ని తవ్వింది..." అని ఏదో అనబోయారు.

ఆంటీ గుంటలోంచే తలెత్తి అన్నారు. "సంతకం నాది. ఏమడిగినా నన్నడగండి."

నేను పక్కనే ఉన్నాను. నోరు తెరిస్తే అయిపోయేది. వీసా గుర్తొచ్చింది, ఉద్యోగం గుర్తొచ్చింది, కడుపుతో ఉన్న భార్య గుర్తొచ్చింది. ఇవన్నీ సాకులని అప్పుడూ తెలుసు.

తిరుగుదారిలో గంటసేపు ఆంటీయే బండి నడిపారు. ఒక చిన్న ఊళ్ళో డైరీ అనే చిల్లర కొట్టు ముందు ఆపి, లోపలికి వెళ్ళి కర్రీపఫ్‌ల్లాంటి రెండు వేడి కూరగాయల పైలు తెచ్చారు. నా ఒళ్ళో ఒకటి పెట్టి, "తిను. చల్లారిపోద్ది" అన్నారు. అంతే. ఆ రోజు గురించి ఆవిడ నాతో అన్న మాట అదొక్కటే.

లాబ్ వాళ్ళు సంజాయిషీ అడిగారు. తనే సరిగ్గా చూసుకోలేదని రాసిచ్చి, ఆ ఏడాది చివర అనుకున్నదానికంటే ముందే రిటైరైపోయారు. ఆ తర్వాత శనివారాలు సొంత కారులో ఆ తోటకి వెళ్ళేవారు. చౌడుకి విరుగుడుగా జిప్సం చల్లించారు, కాలువ తీయించారు, ఉప్పుకి ఓర్చే గడ్డి గింజలు తెచ్చి జల్లారు. "వస్తావా?" అని నన్ను పిలిచేవారు. రెండుసార్లు వెళ్ళాను. ఆ పెద్దాయన మొహం చూడలేక మూడోసారి నుంచి పాప పుట్టిందనీ, పనుందనీ తప్పించుకున్నాను. ఆక్లాండ్‌లో పెద్ద ఉద్యోగానికి అప్లై చేసినప్పుడు సిఫార్సు ఉత్తరం ఆవిడే రాశారు. అందులో ఒక వాక్యం: "తవ్వాల్సిన లోతుదాకా తవ్వే మనిషి." అది చదివి, పాపం ఆంటీకి ఏమీ తెలియదు అనుకున్నాను. అంత మూర్ఖుణ్ణి.

కాన్సర్ అని తెలిశాక ఫోన్‌లో అన్నాను, "ఆంటీ, లాంగ్ వీకెండ్‌కి వస్తున్న. మీకో మాట జెప్పాలె."

గొంతు బాగా పీలగా అయిపోయింది అప్పటికి. "మాటదేముందిరా. నువ్వు రా. పాపని తీసుకురా."

గురువారం అంత్యక్రియలకి ముప్పైమంది కూడా లేరు. ఆంటీ చేతులు పూలకింద కప్పేసి ఉన్నాయి. ఆ వేళ్ళు ఒక్కసారి చూడాలనిపించింది. అడగలేకపోయాను. మర్నాడు కారు అద్దెకి తీసుకుని అలెగ్జాండ్రా వెళ్ళి, రాత్రికి మోటెల్‌లో ఉండి, శనివారం పొద్దున్నే తోట ముందు ఆగాను.

పెద్దాయన గేటు దగ్గరికి వచ్చారు. "పోయారని పేపర్లో చూశాం" అన్నారు, నేను చెప్పకముందే. ఇద్దరం నడుస్తూ పల్లపు మూల దగ్గరికి వెళ్ళాం. అక్కడ నిలబడి చెప్పాను. సగంలో ఆపేశానని. నాలుగో గుంట మట్టినే రెండు సంచుల్లో నింపానని. ఆమెతో అబద్ధమాడానని.

ఆయన కంచె స్తంభం మీద చెయ్యి ఆనించారు. తర్వాత నెమ్మదిగా అన్నారు. "నాకు కోపం లేదని చెప్పను. ఈ చెట్ల మీద నా భార్య చాలా ఆశ పెట్టుకుంది."

"తెలుసు."

"అయితే ఇందులో నాకు కొత్త ఏమీ లేదు. జిప్సం చల్లడానికి వచ్చిన మొదటి శనివారమే ఆమె చెప్పింది. నాలుగో గుంట, ఐదో గుంట సంచుల అంకెలు అచ్చం ఒకేలా వచ్చాయట. అనుమానం వచ్చిందట. మళ్ళీ వచ్చి తవ్వి చూడాలి అనుకుని కూడా రాలేదట. 'మా అబ్బాయి తవ్వానన్నాడు, నమ్మాను. నమ్మింది నేను కాబట్టి తప్పు నాదే' అంది."

నేను ఆ పల్లపు నేలనే చూస్తున్నాను.

"నువ్వు ఆమె కొడుకువేగా?" అన్నారు పెద్దాయన. "మేమిద్దరం ఇన్నాళ్ళూ అలాగే అనుకుంటున్నాం."

కాదనాలి. కానీ కాదనలేదు. ఆయన నా భుజం మీద ఒకసారి చెయ్యి వేసి, టీ పెట్టమని చెప్పడానికి ఇంటివైపు వెళ్ళిపోయారు.

రాత్రి మంచు పడి గడ్డకట్టినట్టుంది. తోటంతా, గట్లూ, కంచెలూ, కొండ మొదలుదాకా నేలంతా ఒకే తెలుపు. ఎక్కడ ఏ నేలో తెలియడం లేదు. నేనక్కడే నిలబడ్డాను. కాసేపటికి కొండ మీదుగా ఎండ దిగింది. పై వరసల్లో మంచు కరిగి మట్టి నల్లగా బయటపడింది. తర్వాత మధ్య వరసలు. ఎండ నా కాళ్ళదాకా వచ్చింది. చుట్టూ నేలంతా తడిసి ఆవిరి లేస్తోంది. ఈ మూల మాత్రం, బూడిదరంగు గడ్డి దుబ్బుల మధ్య, మంచు కరిగాక కూడా తెల్లగా అలాగే ఉండిపోయింది.