దుబాయి ఆయిల్, నా పూచీ

1986 జూన్‌లో హన్మకొండలోని ఒక మోటార్ సైకిళ్ల డీలరు దగ్గర సర్వీస్ సూపర్‌వైజరుగా చేరాను. చేతిలో ఆటోమొబైల్ డిప్లొమా, ఒంటి మీద కొత్త ఖాకీ చొక్కా, నెత్తి మీద ఏడాది ప్రొబేషన్. నాపైన సర్వీస్ మేనేజరు, ఆయన పైన యజమాని, వాళ్లిద్దరికీ అవతల హైదరాబాదులో కూర్చునే కంపెనీ ఏరియా ఇంజనీరు. నా కింద ఇద్దరు మెకానిక్కులు. వాళ్లు నాకంటే పదేళ్లు పెద్దవాళ్లు కాబట్టి 'కింద' అన్నది కాగితం మీది మాట.

నెలలో మూడు ఆదివారాలు క్యాంపులు. మొదటిది జనగామ, రెండోది మహబూబాబాద్, మూడోది భూపాలపల్లి. బండి కొన్నవాళ్లకు మూడు ఉచిత సర్వీసులకు కూపన్లు ఇచ్చేవాళ్లం. కూపన్ చింపుకొని, పని చేసి, సర్వీసు పుస్తకంలో తేదీ, తిరిగిన కిలోమీటర్లు, పోసిన ఆయిల్ రాసి సంతకం పెట్టడం నా పని. ఆరు నెలల గ్యారంటీ ఆ పుస్తకం మీదే నడిచేది. పుస్తకంలో గడి ఖాళీగా ఉన్నా, కంపెనీ చెప్పని ఆయిల్ పోసినా ఏరియా ఇంజనీరు ఎర్ర సిరాతో 'రద్దు' అని కొట్టేయొచ్చు.

అప్పుడప్పుడే ఫోర్ స్ట్రోక్ బండ్లు వస్తున్నాయి. మా వైపు జనానికి అప్పటిదాకా తెలిసినవి పెట్రోల్‌లోనే ఆయిల్ కలిపి పోసుకునే పాత రకం బండ్లు. కొత్త బండికి ఆయిల్ వేరే, పెట్రోల్ వేరే అని బండి ఇచ్చేటప్పుడు చెప్పి, పుస్తకంలో చూపించి, ట్యాంకు మీద చీటీ అంటించి పంపేవాళ్లం. అయినా కలిపేవాళ్లు. దేవరుప్పుల నుంచి జనగామ క్యాంపుకు వచ్చిన ఒక పెద్దరైతు బండి ఇటుక బట్టీలా పొగ కక్కుతోంది. ఎందుకు కలిపారని అడిగితే, "నూనె లేని కూర ఉంటదా సారూ? బండి పానం సల్లగుంటదని జర కలిపిన" అన్నాడు. చిల్పూరు గుట్ట మీద పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి తెచ్చుకున్న బండికి ఆ మాత్రం మర్యాద చేయకపోతే ఎలా అని ఆయన బాధ. అలాంటివాళ్లను చూసి నేను లోలోపల నవ్వుకునేవాణ్ని. నాకు పుస్తకం వచ్చు కదా!

ఆగస్టు క్యాంపుకు భూపాలపల్లికి యాదగిరి వచ్చాడు. ఘనపూర్ పశువుల దవాఖానలో కాంపౌండరు. ముప్పై ఏళ్లుంటాయి, మనిషి బక్కపలచన, మాట నెమ్మది. చుట్టుపక్కల ఊళ్లలో ఎదకొచ్చిన ఆవులకు, బర్రెలకు చూలు కట్టే సూది వేయడం అతని ముఖ్యమైన పని. పశువు ఎదకొస్తే ఆ ఎద ఒక పూట ఉంటుంది, అంతే. ఆ పూట దాటితే రైతు మళ్లీ మూడు వారాలు ఎదురుచూడాలి. అందుకే సైకిల్ వదిలి బండి కొన్నాడు. మందు ఉన్న ఫ్లాస్కు కట్టుకోవడానికి వెనక సీటుకు తోలుపట్టీ కుట్టించాడు. అంత శుభ్రంగా ఉంచిన బండి ఆ రోజు క్యాంపులో ఇంకొకటి లేదు.

రెండో సర్వీసు, ఆయిల్ మార్చాలి. యాదగిరి సంచిలోంచి ఒక డబ్బా తీశాడు. దుబాయిలో పనిచేసే బావమరిది సెలవుకొస్తూ తెచ్చాడట. సింథటిక్ ఆయిల్. ఆ పేరు నేను పత్రికల్లో చదివాను తప్ప సరుకు కళ్లతో చూడలేదు. భూమిలోంచి తీసి శుద్ధి చేసిన మామూలు ఆయిల్ కాదు, రసాయనాలతో తయారుచేసేది, ఎండకు త్వరగా పలచబడదు. డబ్బా చేతిలోకి తీసుకుంటే నాకే ముచ్చటేసింది. మెకానిక్కులు కూడా పనులు ఆపి చుట్టూ చేరారు.

"సారూ, గిది పోస్తె గ్యారంటీ పోదు గద?" అని అడిగాడు యాదగిరి. "పోయేటట్టుంటె చెప్పుండ్రి, పక్కకు పెడ్త. బావమరిది బాధపడ్తె బాధపడ్తడు."

అతను అడగవలసినదే అడిగాడు. నేను సర్వీసు పుస్తకం తెరిచి, ఆయిల్ చిక్కదనం పట్టికలో అంకెలు చూశాను. డబ్బా మీద అంకెలు చూశాను. సరిపోయాయి. రెండు చోట్లా నా వేలు పెట్టి, మెకానిక్కులకు కూడా వినిపించేటట్టు, "పోదు. నాది పూచీ" అన్నాను. పుస్తకంలో 'కస్టమర్ తెచ్చిన సింథటిక్ ఆయిల్, గ్రేడు సరిపోయింది' అని రాసి, నాకే అందంగా కనిపించిన సంతకం పెట్టాను.

సెప్టెంబరు రెండో వారంలో ఇన్లాండ్ కవరు వచ్చింది. యాదగిరి రాత గుండ్రంగా, తప్పుల్లేకుండా ఉంది. "సారూ, బండి అరుస్తున్నది గని ఉరుకుతలేదు. మొన్న గాంధీనగరం చడావు ఎక్కక నడుమల ఆగింది. నేను పోయేటాల్లకు సమ్మయ్య బర్రె పూట దాటిపోయింది. పదిమంది ముంగట మాట వడ్డ. ఇప్పుడు మల్ల సైకిలే తొక్కుతున్న."

ఉత్తరం చదివి నేను ముందు అతన్నే అనుమానించాను. ఇసుక బాటల్లో సగం క్లచ్ పట్టుకొని నడపడం మా వైపు అందరి అలవాటు. అలా నడిపితే క్లచ్ ప్లేట్లు అరిగిపోతాయి, అది గ్యారంటీ కిందికి రాదు. ఆ మాటే చెప్పాలని నిశ్చయించుకొని ఘనపూర్ బస్సెక్కాను.

అతని ఇంటి ముందు వేపచెట్టు నీడలో బండి నిలబెట్టి పరీక్ష చేశాను. పై గేరులో పెట్టి, బ్రేకు గట్టిగా పట్టి, క్లచ్ వదిలితే ఇంజన్ ఆగిపోవాలి. ఆగలేదు. గుయ్యిమంటూనే ఉంది. పక్క మూత విప్పి ప్లేట్లు తీసి వెర్నియర్ కొలబద్దతో మందం కొలిచాను. కొత్తవాటికీ వీటికీ తేడా లేదు. మాడిన వాసన కూడా లేదు. సగం క్లచ్ నేరం అతని మీద పెట్టే వీలు అక్కడితో పోయింది. ప్లేట్లు బాగున్నాయి, స్ప్రింగులు బాగున్నాయి, కానీ పట్టు లేదు. అప్పుడు నా ఆలోచన ఆయిల్ మీదికి పోయింది. ఆ డబ్బా ఉందా అని అడిగాను.

మా వైపు ఖాళీ డబ్బా పారేసే ఆచారం ఏ ఇంట్లోనూ లేదు. యాదగిరి భార్య సత్తవ్వ లోపలికి వెళ్లి తెచ్చింది. మూత కోసి, బూడిదతో తోమి, అందులో బీర, కాకర విత్తనాలు పోసుకుంది. నేను అంకెల వైపు తిప్పి మళ్లీ చదువుతుంటే ఆమె చాలాసేపు చూసి, చివరకు ఉండబట్టలేక అంది.

"నేను సదువుకోలేదు సారూ. గని డబ్బ మీద కారు బొమ్మ ఉన్నది గద. కారు నూనె మోటర్ సైకిల్‌కు ఎట్ల పోసిన్రో అని ఆనాడే అనుకున్న. సారే చెప్పిండంటె నడుమల నేనెందుకని ఊకున్న."

డబ్బా తిప్పి చూశాను. అరచేయంత కారు. నీలం రంగు. దాని కింద సన్నని అక్షరాల్లో, కార్ల ఇంజన్లకు, రాపిడి తగ్గించే ప్రత్యేక మందు కలిపినది అని ఇంగ్లీషులో ఉంది. కారులో క్లచ్ ఇంజన్ ఆయిల్‌కు దూరంగా, పొడిగా ఉంటుంది. మా బండిలో క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి తిరుగుతాయి. జారిపోవడానికే చేసిన ఆయిల్ వాటి మధ్యకు చేరితే జిడ్డు చేతులతో చేదతాడు పట్టుకున్నట్టే. సింథటిక్ కావడం తప్పు కాదు. అది ఏ బండికి చేశారో చూడకపోవడం తప్పు. ఆ తప్పు నాది. డిప్లొమాలో ఈ పాఠానికి నాకు మంచి మార్కులే వచ్చాయి. ఆమె ముందు తలెత్తలేకపోయాను.

దింపిన ఆయిల్ ఒక సీసాలో పట్టి సీలు వేశాను. కంపెనీ ఆయిల్ పోసి పది నిమిషాలు నడిపి అదీ పారబోశాను. ప్లేట్లను కడిగి, ఆరబెట్టి, సరైన ఆయిల్‌లో నానబెట్టి బిగించేసరికి మధ్యాహ్నం దాటింది. మళ్లీ పై గేరు, బ్రేకు, క్లచ్. ఇంజన్ టక్కున ఆగింది. నా సర్వీసు మొత్తంలో బండి ఆగిపోయినందుకు అంత సంతోషించిన రోజు లేదు. యాదగిరి గాంధీనగరం ఎత్తు దాకా వెళ్లి వచ్చి, "ఎక్కింది సారూ!" అన్నాడు. అంతలోనే అతని ముఖం మారింది. "మరి గ్యారంటీ?"

గ్యారంటీకి ఇంకా నాలుగు నెలల గడువుంది. క్లచ్ విప్పిన సంగతి కంపెనీకి నివేదించక తప్పదు. చెప్పని ఆయిల్ వాడినట్టు తేలితే మొత్తం ఇంజన్ మీద గ్యారంటీ రద్దవుతుంది. సాక్ష్యంగా డబ్బా కావాలన్నాను. సత్తవ్వ విత్తనాలు కొంగులో పోసుకొని, "డబ్బ మల్ల తెచ్చియ్యాలె" అని మాట తీసుకొని ఇచ్చింది.

హన్మకొండలో మా సర్వీస్ మేనేజరు రామచంద్రం గారు అంతా విన్నారు. ఆయన చెడ్డ మనిషి కాదు, ఉన్నదున్నట్టు మాట్లాడే మనిషి. "నీ సంతకం ముచ్చట రిపోర్టుల రాస్తె నీ ప్రొబేషన్ పోతది. రాయకపోతె గా పిలగాని గ్యారంటీ పోతది. ప్లేట్లల్లనే లోపం ఉండెనని రాస్తె ఇద్దరు బతుకుతరు గని అది అబద్ధం. ఏది రాస్తవో నీ ఇష్టం, నేను సంతకం పెడ్త" అన్నారు.

రెండు రోజులు రిపోర్టు ఫారం ఖాళీగానే పెట్టుకొని తిరిగాను. అబద్ధం రాయడం నా వల్ల కాదని అప్పుడే తెలిసిపోయింది. కానీ నిజంలో సగమే రాసి ఊరుకోవాలనే ఆశ మాత్రం పీకుతూనే ఉంది. 'కస్టమర్ వేరే ఆయిల్ వాడాడు.' అక్షరం కూడా అబద్ధం లేదు. అయితే అతను నన్ను అడిగి వాడాడు. చివరకు ఫారంలో కారణం అన్న గడిలో ఇలా రాశాను: 'కారు ఆయిల్. కస్టమర్ ముందుగా అడిగాడు. నేను అంకెలు మాత్రమే చూసి అనుమతించాను.' సర్వీసు పుస్తకంలో నా సంతకం ఉన్న పేజీ నకలు కూడా జత చేశాను.

పదిహేను రోజులకు ఏరియా ఇంజనీరు స్వయంగా వచ్చాడు. పంజాబీ మనిషి, గడ్డం నెరిసినవాడు. సీసా వాసన చూసి, డబ్బా తిప్పి చూసి, సర్వీసు పుస్తకంలో ఆయిల్ పేజీ రెండుసార్లు చదివాడు. పుస్తకంలోనూ అంకెలే ఉన్నాయి తప్ప కారు ఆయిల్ పోయొద్దని ఎక్కడా లేదని ఆయనే హిందీలో గొణిగాడు. యాదగిరి గ్యారంటీ యథాతథంగా కొనసాగించమని నీలం సిరాతో రాశాడు. మా యజమానితో చెప్పి నాకు ప్రొబేషన్ మూడు నెలలు పొడిగించాడు. ఇదెవరు కనిపెట్టారని అడిగితే, కస్టమర్ భార్య అని చెప్పాను. ఆయన పెద్దగా నవ్వి, ప్రొబేషన్ ఆమెకు ఇవ్వాల్సిందన్నాడు. ఆ తర్వాత వచ్చిన పుస్తకాల్లో ఆయిల్ పేజీ కింద ఒక వాక్యం చేరింది: మోటార్ సైకిళ్ల కోసం తయారైన ఆయిల్ మాత్రమే వాడవలెను.

అక్టోబరు క్యాంపుకు వెళ్తూ డబ్బా తిరిగి ఇచ్చాను. అప్పటికే విత్తనాలు నాటేశారు. పందిరి మీద బీరతీగ పాకుతోంది. సత్తవ్వ డబ్బా లోపల చూసి, అంచు తడిమి, సరిగ్గానే ఉందని తీసుకుంది. యాదగిరి ఇంట్లో లేడు. ఎవరిదో ఆవు ఎదకొచ్చిందని పొద్దున్నే బండి మీద పోయాడట.

ఆయిల్ ఎంత మంచిదన్నది గ్యారంటీ అడగదు, ఆ బండికి తగినదా అనే అడుగుతుంది. డబ్బా మీది అంకెలు చిక్కదనం చెబుతాయి, అది దేనికి చేశారో చెప్పవు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఎవరు ఏ డబ్బా తెచ్చినా ముందు బొమ్మ చూశాను, తర్వాత మాటలు చదివాను, ఆఖరున అంకెలు చూశాను. చూసి పూచీ ఇచ్చే ముందు, పక్కన నిలబడ్డవాళ్లను మీకేమైనా అనిపిస్తోందా అని అడిగాను.